పెళ్లి వీడియో అప్‌లోడ్ పెడితే ఆఫీసంతా నెట్ ఆగిపోతోంది: 100 ఎంబీపీఎస్ లైను, 14 సిస్టమ్స్, ఎలా పంచాలి?

గవర్నర్‌పేట_ఎడిటర్:

విజయవాడలో ఆల్బమ్ డిజైనింగ్, వీడియో ఎడిటింగ్ ఆఫీసు. సిస్టమ్స్ 14: వీడియోకి 5, ఆల్బమ్ డిజైన్‌కి 6, అకౌంట్స్‌కి 2, రిసెప్షన్‌లో 1. ఇవి కాక ఒక నాస్ బాక్సు (అందరి ఫైళ్లూ ఒకేచోట దాచే నెట్‌వర్క్ స్టోరేజి), సీసీ కెమెరాల డీవీఆర్, స్టాఫ్ ఫోన్లు ఓ ఇరవై దాకా.

లైను 100 ఎంబీపీఎస్ ఫైబరు, అప్‌లోడ్ కూడా 100. ఫైబరు తీగ వచ్చి తగిలే, నెట్ వాళ్లిచ్చిన ఓఎన్‌టీ బాక్సే రూటరు, వైఫై కూడా దానిదే. దాన్నుంచి ముందు హాల్లో 16 పోర్టుల స్విచ్, అక్కణ్నుంచి వెనక ఎడిటింగ్ రూమ్‌లో 8 పోర్టుల స్విచ్.

మాఘమాసం, శ్రావణం వచ్చాయంటే ఒక్కో పెళ్లికి 60 జీబీ, ఒక్కోసారి 100 జీబీ గూగుల్ డ్రైవ్‌కి ఎక్కించాలి. ఎవరో ఒకరు అప్‌లోడ్ పెట్టగానే మిగతావాళ్లకి వాట్సాప్ వెబ్ తిరుగుతూనే ఉంటుంది. జూమ్ కాల్లో కస్టమర్ మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. అకౌంట్స్ వాళ్లకి జీఎస్టీ సైట్ లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు. ఆ టైంలో స్పీడ్ టెస్ట్ కొడితే డౌన్‌లోడ్ 8, 10 దగ్గర ఆగుతుంది. అప్‌లోడ్ ఆపేస్తే మళ్లీ 94.

ప్లాన్ 200కి మార్చుకోవాలా? లేక ఒక్కో సిస్టమ్‌కి 7 ఎంబీపీఎస్ చొప్పున కట్ చేసేయాలా? మా ఓనరు గారు రెండోదే కావాలంటున్నారు. ఓఎన్‌టీ మెనూలో అలాంటి ఆప్షన్ ఎక్కడా కనబళ్లేదు. రూటరు కొనాలంటే 7, 8 వేల దాకా పెట్టగలం.

---

క్రింపింగ్_టూల్:

ప్లాన్ మార్చకండి, రూటరూ కొనకండి. ముందు పది నిమిషాలు పింగ్ (అవతలి నుంచి జవాబు రావడానికి పట్టే టైం) చూడండి.

వైరుతో ఉన్న ఏదో ఒక సిస్టమ్‌లో రెండు కమాండ్ ప్రాంప్టులు తెరవండి. ఒకదాంట్లో ఓఎన్‌టీ అడ్రసుకి (చాలావాటికి 192.168.1.1), ఇంకోదాంట్లో బయట గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఆగకుండా పింగ్ పెట్టండి. అడ్రసు తర్వాత హైఫన్, టీ అక్షరం కొడితే మీరు ఆపేదాకా నడుస్తుంది. నెట్ ఎవరూ వాడనప్పుడు ఒకసారి, వెనక రూమ్‌లో పెద్ద అప్‌లోడ్ నడుస్తుండగా ఒకసారి రెండు కిటికీల్లోనూ అంకెలు రాసుకోండి.

అప్‌లోడ్ టైంలో ఓఎన్‌టీ పింగ్ 1 మిల్లీసెకన్ దగ్గరే ఉండి, బయటి పింగ్ మాత్రం వందల్లోకి పోతే మీ ఆఫీసు వైరింగ్ బాగానే ఉన్నట్టు. లైనుకి ఇటు చివర ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోగుపడుతున్నాయి. ఓఎన్‌టీ పింగ్ కూడా పెరుగుతుంటే, మధ్యలో టైమ్‌డ్ అవుట్ అని పడుతుంటే స్విచ్చో, కేబులో, క్రింపింగో (కేబుల్ చివర కనెక్టరు బిగింపు) చూసుకోవాలి. అప్పుడు ఏ రూటరు కొన్నా దండగే.

ఇంకో సంగతి. మీ రెండు స్విచ్‌లూ 10/100వా, గిగాబిట్‌వా? డబ్బా మీద ఉంటుంది. లేదా విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ పేజీ కిందికి వెళ్తే లింక్ స్పీడ్ 100/100 అనో 1000/1000 అనో కనిపిస్తుంది. వెనక స్విచ్ 100ది అయితే, నాస్ ముందు హాల్లో ఉంటే, ఎడిటర్ ఒకడు నాస్ నుంచి ఫుటేజ్ కాపీ పెట్టిన క్షణంలో రెండు స్విచ్‌ల మధ్యనున్న ఆ ఒక్క వైరూ నిండిపోతుంది. వెనక రూమ్ అందరికీ నెట్ పోయినట్టే అనిపిస్తుంది, అసలు నెట్ లైను ఖాళీగానే ఉంటుంది.

మీ స్పీడ్ టెస్ట్ సరిగ్గా 94 దగ్గర ఆగడం కూడా గమనించండి. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ పోర్టులోంచి, ప్రతి ప్యాకెట్టుకీ తగిలించే హెడర్లు పోగా వచ్చేది అంతే. ప్లాన్ 100 కాబట్టి ఇప్పుడు తేడా తెలియడం లేదు. 200 ప్లాన్ తీసుకుని దారిలో ఒక్క 100 పోర్టు మిగిలినా మళ్లీ 94 దగ్గరే ఉంటారు. కొన్ని ఓఎన్‌టీల్లో నాలుగు పోర్టుల్లో ఒక్కటే గిగాబిట్ ఉంటుంది, అది కూడా చూసుకోండి.

---

సిగ్నల్_ఫుల్:

బ్రో, ఇంత అక్కర్లేదు. ఒక సిస్టమ్‌లో నెట్‌కట్ వేసుకో. ఎవడు ఎక్కువ లాగుతుంటే వాడి స్పీడ్ తగ్గించేయొచ్చు. ఫ్రీ.

---

ప్యాకెట్_పంతులు:

ఆఫీసులో ఆ పని చేయకండి. ఆ రకం సాఫ్ట్‌వేర్ ఏఆర్‌పీ స్పూఫింగ్ మీద నడుస్తుంది. అంటే "రూటర్ని నేనే" అని మిగతా సిస్టమ్స్ అన్నిటికీ అబద్ధం చెప్పి ట్రాఫిక్‌ని ఆ ఒక్క పీసీలోంచి తిప్పుతుంది. ఆ పీసీ హ్యాంగైనా, కరెంటు పోయి ఆగినా అందరికీ కాసేపు నెట్ ఉండదు. కొన్ని యాంటీవైరస్‌లు దాన్ని దాడిగా పట్టుకుని అలర్టులు మొదలుపెడతాయి. పైగా అదే సాఫ్ట్‌వేర్ స్టాఫ్‌లో ఇంకొకరు వేస్తే ఒకరినొకరు కోసుకోవడమే.

---

గవర్నర్‌పేట_ఎడిటర్:

చూశాను క్రింపింగ్ గారూ. ఖాళీగా ఉన్నప్పుడు ఓఎన్‌టీకి 1 మిల్లీసెకన్ లోపు, బయటికి 14. వెనక రూమ్ నుంచి డ్రైవ్ అప్‌లోడ్ పెట్టాక ఓఎన్‌టీకి అదే 1, బయటికి 380 నుంచి 450. స్విచ్‌లు: ముందుది గిగాబిట్, వెనకది 10/100. నాస్ ముందు హాల్లోనే ఉంది.

---

క్రింపింగ్_టూల్:

అయితే రెండు సమస్యలు ఉన్నాయి, ఒకదానిమీద ఒకటి.

వెనక స్విచ్ తీసేసి 8 పోర్టుల గిగాబిట్‌ది పెట్టండి. ఏలూరు రోడ్డు కంప్యూటర్ షాపుల్లో మామూలు అన్‌మేనేజ్డ్‌ది (సెట్టింగ్స్ ఏమీ లేనిది) చాలు, వేలకు వేలు అక్కర్లేదు. రెండు స్విచ్‌ల మధ్య కేబుల్ మాత్రం క్యాట్6 కొత్తది లాగించి రెండు చివర్లా ఎనిమిది తీగలూ కొట్టించండి. కెమెరాల వైరింగ్ చేసేవాళ్లు ఒకే కేబుల్‌ని చీల్చి నాలుగు తీగలు ఒక కనెక్షన్‌కి, నాలుగు ఇంకోదానికి వాడేస్తుంటారు. అలాంటి కేబుల్ మీద గిగాబిట్ స్విచ్ పెట్టినా లింక్ 100 దగ్గరే లేస్తుంది. కలర్ వరస రెండు చివర్లా ఒకటే ఉండాలి: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ.

దీంతో నాస్ కాపీల గోల పోతుంది. 14 నుంచి 400కి ఎగిరే పింగ్ సంగతి మాత్రం రూటరు దగ్గర తేల్చాలి. అది పంతులు గారి సబ్జెక్టు.

---

ప్యాకెట్_పంతులు:

దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. మీ సిస్టమ్స్ లైను మోయగలిగినదానికన్నా ఎక్కువ వేగంతో ఓఎన్‌టీకి ప్యాకెట్లు తోస్తాయి, ఓఎన్‌టీ బయటికి లైను వేగంతోనే పంపగలదు. మిగిలినవి దాని మెమరీలో వరసలో నిలబడతాయి. దసరాల్లో ఇంద్రకీలాద్రి మీద ఒక్కటే క్యూలైను పెట్టినట్టు: ముందు పది బస్సుల జనం నిలబడితే, చంటిపిల్లతో ఒక్కరే వచ్చినా వాళ్ల వెనకే ఆగాలి. మీ జూమ్ మాట ప్యాకెట్టు చిన్నదే, అయినా 60 జీబీ ఫైలు ప్యాకెట్ల వెనక 400 మిల్లీసెకన్లు ఆగుతోంది.

డౌన్‌లోడ్ ఎందుకు 8కి పడిపోతోందో కూడా ఇందులోనే ఉంది. మీరు ఏదైనా డౌన్‌లోడ్ చేస్తుంటే "అందింది" అని అవతలి సర్వర్‌కి చిన్న రసీదు ప్యాకెట్లు అప్‌లోడ్ వైపే వెళ్లాలి. అవి ఆ వరసలో ఇరుక్కుంటే అవతలివాడు వేగం తగ్గించేస్తాడు. అంటే మీ అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా చస్తుంది. 200 ప్లాన్ తీసుకున్నా డ్రైవ్ ఆ 200నీ నింపేస్తుంది. వరస కాస్త త్వరగా కదులుతుంది, అంతకుమించి ఒరిగేదేం లేదు.

మందు రెండు భాగాలు. మొదటిది, లైను అసలు వేగం కన్నా కొంచెం తక్కువకి మన రూటర్లోనే కట్టడి చేయాలి. అప్పుడు వరస ఓఎన్‌టీలో కాకుండా మన చేతిలో ఉన్న పెట్టెలో ఏర్పడుతుంది. రెండోది, ఆ వరసని తెలివిగా నడిపే పద్ధతి పెట్టాలి: ఎఫ్‌క్యూ-కోడెల్ గానీ కేక్ గానీ. ప్యాకెట్టు వరసలో ఎంతసేపు నిలబడిందో కోడెల్ కొలుస్తుంది. ఆ ఆలస్యం 5 మిల్లీసెకన్లకి దిగకుండా 100 మిల్లీసెకన్లు గడిస్తే ప్యాకెట్లు వదిలేయడం మొదలుపెట్టి పంపేవాడికి వేగం తగ్గించమని సంకేతం ఇస్తుంది. కేక్ 2018లో లైనక్స్ 4.19తో కెర్నెల్లోకి వచ్చింది. అది ఇంకో అడుగు ముందుకేసి కనెక్షన్ల లెక్కన కాకుండా సిస్టమ్స్ లెక్కన సమానంగా పంచగలదు. మీకు కావలసింది ఇదే.

---

అరండల్‌పేట_అడ్మిన్:

గుంటూరు నుంచి. మీ బడ్జెట్‌లో మైక్రోటిక్ హెక్స్ రూటరు వస్తుంది. ఐదు గిగాబిట్ పోర్టులు, వైఫై ఉండదు. 100 లైనుకి కేక్ నడపడానికి దాని ప్రాసెసర్ చాలు. రేపు 300, 500 లైను తీసుకుంటే మాత్రం దీన్ని నమ్ముకోకండి, అప్పుడు ఇంకా బలమైన మోడల్ చూడాలి.

సెట్టింగ్ చెప్తాను. పేర్లు విన్‌బాక్స్ (మైక్రోటిక్ సెట్టింగ్స్ ప్రోగ్రాం) మెనూలో కనిపించేవే.

వైర్లు: ఓఎన్‌టీ గిగాబిట్ పోర్టు నుంచి హెక్స్ మొదటి పోర్టుకి, హెక్స్ రెండో పోర్టు నుంచి ముందు స్విచ్‌కి. ఓఎన్‌టీకి ఇంకేమీ తగలకూడదు. డీవీఆర్ వైరు కూడా స్విచ్‌కి మార్చండి. ఓఎన్‌టీ వైఫై ఆపేయండి. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. దాని వైఫైకి తగిలిన ఫోను హెక్స్ దాటకుండా నేరుగా బయటికి పోతుంది, మీరు పెట్టిన కట్టడి దానికి వర్తించదు.

ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (అది రూటరు పని మానేసి లైనుని నేరుగా హెక్స్‌కి ఇచ్చేలా) పెట్టించగలిగితే మంచిదే. దానికి నెట్ వాళ్ల దగ్గర పీపీపీఓఈ (లైను లాగిన్) యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు ఉంటే అదీ తీసుకోవాలి. ఇవ్వకపోతే పేచీ పెట్టుకోకండి. ఓఎన్‌టీ వెనకే హెక్స్ పెడితే రెండుసార్లు నాట్ (అడ్రసు మార్పిడి) అవుతుంది, మీ పనులకి ఇబ్బంది ఏమీ ఉండదు. బయటినుంచి డీవీఆర్‌కి పోర్టు తెరిచి చూసుకుంటుంటే అప్పుడు మాత్రం ఓఎన్‌టీలో డీఎంజెడ్‌గా (బయటినుంచి వచ్చేవన్నీ పంపే చోటుగా) హెక్స్ అడ్రసు ఇవ్వాలి.

అడ్రసులు: హెక్స్ లోపలి అడ్రసు 192.168.88.1గా వస్తుంది. నాస్, ప్రింటర్లు, డీవీఆర్‌లకి పాత 192.168.1 వరసలో చేత్తో అడ్రసులు ఇచ్చి ఉంటే అన్నీ మార్చాలి. లేకపోతే మర్నాడు పొద్దున్నే ప్రింట్ రావట్లేదని ఫోను వస్తుంది. తర్వాత ఐపీ, డీహెచ్‌సీపీ సర్వర్, లీజెస్‌లోకి వెళ్లి 14 సిస్టమ్స్‌నీ ఒక్కొక్కటిగా మేక్ స్టాటిక్ చేసి (అడ్రసు మారకుండా) పక్కన కామెంట్‌లో పేరు రాసుకోండి.

అప్‌డేట్: సిస్టమ్, ప్యాకేజెస్‌లో చెక్ ఫర్ అప్‌డేట్స్. కేక్ కావాలంటే రూటర్‌ఓఎస్ 7 ఉండాలి. ఆ తర్వాత సిస్టమ్, రూటర్‌బోర్డ్‌లో అప్‌గ్రేడ్ కొట్టి రీబూట్.

ఫాస్ట్‌ట్రాక్: ఐపీ, ఫైర్‌వాల్, ఫిల్టర్ రూల్స్‌లో ఫాస్ట్‌ట్రాక్ కనెక్షన్ అనే రూల్ డిఫాల్ట్‌గా ఉంటుంది. దాన్ని డిజేబుల్ చేయాలి. అది ఉన్నంతసేపూ ప్యాకెట్లు క్యూలని (మనం రూటర్లో పెట్టే వరసలని) పక్కన పెట్టి అడ్డదారిన పోతాయి. "క్యూ పెట్టాను, ఏం పనిచేయట్లేదు" అనేవాళ్ల దగ్గర ముందు చూడాల్సింది ఇక్కడే. డిజేబుల్ చేశాక ఒకసారి రీబూట్ చేయండి, పాత కనెక్షన్లు అప్పటిదాకా పాత దారినే నడుస్తుంటాయి.

క్యూ టైప్స్: క్యూస్‌లో రెండు కొత్త టైపులు, రెండిటి కైండ్ కేక్. అప్‌లోడ్ దానికి ఫ్లో మోడ్ డ్యూయల్ ఎస్‌ఆర్‌సీ హోస్ట్, డౌన్‌లోడ్ దానికి డ్యూయల్ డీఎస్‌టీ హోస్ట్. రెండిట్లోనూ నాట్ టిక్ పెట్టండి. అది లేకపోతే 14 సిస్టమ్స్ అప్‌లోడూ ఒక్క అడ్రసు నుంచే పోతున్నట్టు లెక్కేసుకునే ప్రమాదం ఉంది.

సింపుల్ క్యూ: పైన ఒక పేరెంట్, టార్గెట్‌గా బ్రిడ్జ్ (హెక్స్ లోపలి పోర్టులన్నీ కలిసిన ఇంటర్‌ఫేస్), డెస్టినేషన్‌గా మొదటి పోర్టు (పీపీపీఓఈ అయితే ఆ ఇంటర్‌ఫేస్). మ్యాక్స్ లిమిట్ 90ఎం, 90ఎం. ఎడమ గడి అప్‌లోడ్, కుడి గడి డౌన్‌లోడ్. మీకు రెండూ ఒకటే కాబట్టి సరిపోయింది, 100కి 20 అప్‌లోడ్ ఇచ్చే లైన్లవాళ్లు ఇక్కడే తిరగేస్తారు. దాని కింద నాలుగు చైల్డ్ క్యూలు (లిమిట్ ఎట్ అంటే గ్యారంటీగా దొరికే వేగం, మ్యాక్స్ అంటే దాటకూడని వేగం):

అకౌంట్స్, రిసెప్షన్: లిమిట్ ఎట్ 15ఎం, మ్యాక్స్ 90ఎం, ప్రయారిటీ 2.
డిజైన్: లిమిట్ ఎట్ 25ఎం, మ్యాక్స్ 90ఎం, ప్రయారిటీ 5.
వీడియో, నాస్: లిమిట్ ఎట్ 30ఎం, మ్యాక్స్ 90ఎం, ప్రయారిటీ 8.
మిగతావి (ఫోన్లు, డీవీఆర్, కొత్తగా ఎవరు తగిలినా): లిమిట్ ఎట్ 5ఎం, మ్యాక్స్ 20ఎం, ప్రయారిటీ 8.

లిమిట్ ఎట్‌లు కూడితే 75, పేరెంట్ 90 లోపే. కూడిక దాటితే గ్యారంటీకి అర్థం ఉండదు. ప్రయారిటీలో 1 అన్నిటికన్నా ముందు, 8 చివర.

---

ప్యాకెట్_పంతులు:

అడ్మిన్ గారూ, లెక్క బాగుంది. ఒక్కటి కలపాలి: చైల్డ్ క్యూలు పెట్టాక పేరెంట్‌లో ఇచ్చిన కేక్ టైపు పనిచేయదు, ప్యాకెట్లు నిలబడేది చివరి క్యూల్లోనే. కాబట్టి క్యూ టైపు నాలుగు చైల్డ్‌లకీ విడివిడిగా ఇవ్వాలి. పైదాంట్లో ఇచ్చి వదిలేస్తే కింద డిఫాల్ట్ టైపు ఉండిపోయి పింగ్ మళ్లీ ఎగురుతుంది. "మిగతావి" క్యూ కూడా వరసలో అట్టడుగునే ఉండాలి. పై నుంచి కిందికి ముందు ఏది సరిపోతే అది పట్టుకుంటుంది.

అయినా ఎడిటర్ గారు మొదటిరోజే నాలుగు గుంపులు పెట్టడం నాకిష్టం లేదు. ఒక్కటే సింపుల్ క్యూ, టార్గెట్ బ్రిడ్జ్, 90, 90, కేక్. దాంతో ఒక వారం నడపండి. ఐదుగురు ఎడిటర్లూ ఒకేసారి అప్‌లోడ్ పెట్టినా, అకౌంట్స్ సిస్టమ్ ఒకటి పనిచేస్తున్నా ఆరుగురికి 15 చొప్పున వస్తుంది. జీఎస్టీ రిటర్నుకి, జూమ్ కాల్‌కి అందులో మూడో వంతు చాలు. ఎవరూ వాడకపోతే ఒక్కడే మొత్తం 90 లాక్కుంటాడు, అది తప్పేం కాదు. గుంపులు అవసరమైతే ఫోన్ల కోసం ఒక్కటి తర్వాత కలపొచ్చు.

డెస్టినేషన్ గడి గురించి అడ్మిన్ గారు చెప్పింది వదలకండి. రేపు వైఫైకి వేరే సబ్‌నెట్ (అడ్రసుల వరస) పెడితే, ఆ గడి ఖాళీగా ఉంటే, ఫోను నుంచి నాస్‌కి పోయే ఆఫీసు లోపలి ట్రాఫిక్ కూడా 90 కట్టడిలో పడుతుంది.

ఇంకోటి ఐపీవీ6, అంటే కొత్తరకం నెట్ అడ్రసుల పద్ధతి. మన దగ్గర ఫైబరు లైన్లు చాలావాటిల్లో అది వస్తుంది. టార్గెట్‌గా 192.168.88 వరస ఒక్కటే రాసి హెక్స్‌లో ఐపీవీ6 కూడా ఆన్ చేస్తే, గూగుల్ డ్రైవ్ అప్‌లోడ్ ఐపీవీ6 మీద పోయి క్యూకి దొరకదు. టార్గెట్ బ్రిడ్జ్ ఉంటే రెండూ దొరుకుతాయి. అడ్రసుల వారీ గుంపులు పెట్టాలనుకుంటే ముందు ఐపీవీ6 జోలికి పోకండి.

---

గవర్నర్‌పేట_ఎడిటర్:

హెక్స్, గిగాబిట్ స్విచ్ తెచ్చి పంతులు గారన్నట్టు ఒక్క క్యూతో పెట్టాం. రెండు అప్‌లోడ్‌లు నడుస్తుండగా పింగ్ 17 నుంచి 24. స్పీడ్ టెస్ట్ 86 దాకా. ఇదే కావాలి నాకు!

ఓనరు గారు మాత్రం ఇంకా మనిషికి 7 ఎంబీపీఎస్ ఫిక్స్ చేయమనే అంటున్నారు. రెండోది, రాత్రిపూట అప్‌లోడ్ ఫుల్ స్పీడులో పోయి పగలు కాస్త తగ్గేలా పెట్టొచ్చా? మూడోది, నిన్న నెల 20వ తారీఖు, జీఎస్టీ సైట్ మళ్లీ తిరిగింది. క్యూ పనిచేయలేదా?

---

అరండల్‌పేట_అడ్మిన్:

మూడోదానికి ముందు: నెలనెలా ఫైల్ చేసేవాళ్లకి 20న జీఎస్టీఆర్-3బీ, 11న జీఎస్టీఆర్-1 రిటర్నుల ఆఖరి తేదీలు. ఆ రోజుల్లో దేశమంతా ఆ పోర్టల్ మీదే ఉంటుంది. ఆ సైట్ తిరుగుతున్నప్పుడే 8.8.8.8కి పింగ్ 20 దగ్గర ఉంటే మీ లైను బాగున్నట్టే, అవతల సర్వరే నెమ్మది. మీ అకౌంటెంటుకి 17, 18కే ఫైల్ చేసేయమనండి.

ఓనరు గారికి ఈ అంకెలు చూపించండి. 60 జీబీ ఫైలు 7 ఎంబీపీఎస్‌తో ఎక్కాలంటే 19 గంటలు. 90తో గంటన్నర. మనిషికి 7 అని కట్టేస్తే, పదిమంది భోజనానికి వెళ్లినప్పుడు కూడా ఆ ఎడిటర్‌కి 7 మాత్రమే, మిగతా లైను ఖాళీగా పడుంటుంది. ఫిక్స్ చేయడం లాడ్జీలకి, హాస్టళ్లకి పనికొస్తుంది, అక్కడ డబ్బు కట్టినదాన్ని బట్టి ఇవ్వాలి కాబట్టి.

పగలూ రాత్రీ సంగతి: నాస్‌కి, వీడియో సిస్టమ్స్‌కి ఒక సింపుల్ క్యూ విడిగా పెట్టి, అప్‌లోడ్ మ్యాక్స్ లిమిట్ 40ఎం, డౌన్‌లోడ్ 90ఎం ఇచ్చి, టైమ్ గడిలో 09:00 నుంచి 21:00, అన్ని రోజులూ టిక్ పెట్టండి. దీన్ని పెద్ద క్యూకి పైన ఉంచాలి. రాత్రి 9 దాటాక ఈ క్యూ పనిచేయదు, ట్రాఫిక్ కిందనున్న పెద్ద క్యూలోకి జారి 90 వాడుకుంటుంది. రాత్రికి వేరే క్యూ రాయకండి, అర్ధరాత్రి దాటే టైములతో చిక్కులొస్తాయి.

ఇలా విడి క్యూగా పెడితే పగలు వీడియో 40, మిగతావాళ్లు 90, కలిపి అప్‌లోడ్ 130 అడగొచ్చు, లైను 100. అందుకని పగటిపూట పెద్ద క్యూ అప్‌లోడ్‌ని 50కి దించుకోవాలి. లేదా నేను ముందు రాసిన పేరెంట్, చైల్డ్ పద్ధతికి మారి వీడియో చైల్డ్‌కే టైమ్ పెట్టాలి. అప్పుడు రాత్రిపూట వీడియో ట్రాఫిక్ "మిగతావి" క్యూలో పడి 20కి కట్ అవకుండా, వీడియో చైల్డ్‌ని టైమ్ లేకుండా ఇంకోటి దాని కిందే రాయాలి. నన్నడిగితే రెండో పద్ధతే మేలు.

ఒక మెలిక: హెక్స్‌లో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే టైమ్ తప్పు చూపిస్తుంది, మధ్యాహ్నం రాత్రి స్పీడు నడుస్తుంది. సిస్టమ్, ఎన్‌టీపీ క్లయింట్ (నెట్ నుంచి టైమ్ తెచ్చుకునేది) ఆన్ చేసి, క్లాక్‌లో టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా పెట్టండి. హెక్స్ 12 వోల్టుల డీసీతో కూడా నడుస్తుంది. కాబట్టి మీ ఓఎన్‌టీ కూడా 12 వోల్టులదైతే, రెండు అవుట్‌పుట్‌లున్న 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒక్కటి రెండింటినీ మోస్తుంది. రెండింటి ఆంపియర్లూ కూడి దానికన్నా పెద్దది తీసుకోండి.

---

ప్యాకెట్_పంతులు:

క్యూ ఎలా రాసినా, సిస్టమ్స్‌లోనే సగం భారం తగ్గించొచ్చు.

గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్‌లో ప్రిఫరెన్సెస్‌లో అప్‌లోడ్ రేటు పెట్టే గడి ఉంది. అక్కడ అడిగేది సెకనుకి కిలోబైట్లు (ఎనిమిది బిట్లు ఒక బైటు). 40 ఎంబీపీఎస్ కావాలంటే 5000 అని రాయాలి. 40 అని కొడితే 60 జీబీ ఎక్కడానికి పదిహేను రోజులు దాటుతుంది. బ్రౌజర్లోంచి ఎక్కించే అప్‌లోడ్‌కి ఈ గడి వర్తించదు.

విండోస్ అప్‌డేట్స్: సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, డెలివరీ ఆప్టిమైజేషన్. వేరే పీసీల నుంచి డౌన్‌లోడ్ ఆన్ చేసి, లోకల్ నెట్‌వర్క్ పీసీలు మాత్రమే అని ఎంచుకోండి. ఒక సిస్టమ్ దించుకున్న ముక్కలు మిగతా పదమూడూ లోపలే తీసుకుంటాయి. ఇంటర్నెట్ పీసీలు కూడా అనే ఎంపిక పెడితే మీ అప్‌లోడ్ ఊళ్లోవాళ్ల అప్‌డేట్లకి పోతుంది.

మీ ప్లాన్ నెలవారీ డేటా హద్దు కూడా చూడండి. అన్‌లిమిటెడ్ అని రాసినా చాలా ప్లాన్లలో 3.3 టీబీ దగ్గర స్పీడ్ కోత ఉంటుంది. 90 ఎంబీపీఎస్‌తో ఆపకుండా ఎక్కిస్తే అది 82 గంటల్లోపే అయిపోతుంది. అప్‌లోడ్ కూడా అందులో కలుస్తుందా అని నెట్ వాళ్లని రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో చెప్పే మాట మీద ఆధారపడకండి.

---

గవర్నర్‌పేట_ఎడిటర్:

గూగుల్ డ్రైవ్ గడిలో 100 అని ఉంది కొన్ని సిస్టమ్స్‌లో! ఎవరు పెట్టారో. మార్చేశాం.

ఆఖరుది. ఓఎన్‌టీ వైఫై ఆపేశాక ఫోన్లకి వైఫై లేదు. ఇంట్లో పాత టీపీ-లింక్ రూటరు ఒకటి ఉంది, దాన్ని వాడొచ్చా?

---

క్రింపింగ్_టూల్:

వాడొచ్చు. మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది పెట్టేయండి, చాలు. లేకపోతే ముందు దాని లాన్ అడ్రసు 192.168.88.2కి మార్చి, తర్వాత దాంట్లో డీహెచ్‌సీపీ సర్వర్ (అడ్రసులు పంచేది) ఆపండి. స్విచ్ నుంచి వచ్చే వైరుని దాని లాన్ (లోపలి) పోర్టుకే పెట్టాలి, నీలం రంగు వాన్ (బయటి లైను) పోర్టుకి కాదు. వాన్‌కి పెడితే ఫోన్లన్నీ దాని వెనక దాక్కుంటాయి, కేక్‌కి ఇరవై ఫోన్లూ కలిపి ఒక్క సిస్టమ్‌లా కనిపిస్తాయి. మీకు అదే కావాలంటే, అంటే ఇరవై ఫోన్లకీ కలిపి ఒక్క వాటా చాలనుకుంటే, వాన్‌కే పెట్టండి. ఫోన్ల కోసం వేరే క్యూ రాసుకునే పని తప్పుతుంది. కాకపోతే అప్పుడు దాని లోపలి అడ్రసు 192.168.88 వరసలో ఉండకూడదు, డీహెచ్‌సీపీ ఆన్‌లోనే ఉంచాలి. ఆ ఫోన్ల నుంచి ప్రింటర్ వెతికితే దొరక్కపోవచ్చు.